పెద్ద ఫ్లైకి ఏ లైన్ మంచిది?

బోధన్, షక్కర్‌నగర్
అక్టోబర్ 6

సవితక్కా,

నేను మునిగిన. మంజీరల గాదు, అబద్ధంల. పెద్దమ్మ బిడ్డవే అయినా నాకు సొంత అక్కవు నువ్వే, నువ్వే గుంజాలె.

ఫోన్ చేద్దామంటే నీ క్యాంపుల సిగ్నల్ లేదు. నువ్వు కింది ఊరికి దిగి చేస్తే మా అమ్మ స్పీకర్ పెడ్తది, గోడ అవుతలికెల్లి పక్కింటి రాధాబాయి పెద్దమ్మ "మంచిగున్నవా సవితా" అంటది. అందుకే మెడికల్ షాపుల గిరాకీ లేనప్పుడు కూసొని ఉత్తరం రాస్తున్న. సదివినంక పొయ్యిల ఎయ్యి.

నిన్న నన్ను చూసేటందుకు నిజామాబాద్ నుంచి వచ్చిండ్రు. పిలగాని పేరు భానుప్రసాద్. మోస్రా తొవ్వల ఇటుకల ఫ్యాక్టరీ నడుపుతడు. సంబంధం తెచ్చింది మన లింబయ్య తాత. తాత ఫోన్‌ల అమ్మకు చెప్తుంటే నేను చెవులార విన్న: "పిలగానికి ఫ్లైఫిష్ తప్ప ఇంకో ద్యాస లేదమ్మా, పొద్దుమాపు గదే." నా గుండె ఝల్లుమన్నది. నువ్వు గాడ నేర్పేది గదే గద, గాలంతోని చేపలు పట్టుడు! మన జిల్లాల గిసోంటోడు ఒకడున్నడా అనుకున్న.

వచ్చిండు. మస్తున్నడక్కా. నవ్వితే ఒక దిక్కే నవ్వుతడు, రెండో దిక్కు ఎప్పుడు నవ్వుతడా అని నేను చూసుకుంట కూసున్న. మాట్లాడుకోండ్రని మమ్ముల మిద్దె మీదికి తోలిండ్రు. నేనే మొదలుపెట్టిన.

"మీకు ఫ్లైఫిష్ అంటే పానమంట గద?"

ఆయన నా మొఖం జూసిండు. "అవును. మీకు?"

"నాగ్గూడ!"

ఎందుకన్ననో నాకు తెల్వదు. నోరు దానంతటదే అన్నది. అంతటితోని ఆగినా బాగుండు. "మా సవితక్క ఉత్తరాఖండ్‌ల, రాంగంగ ఒడ్డు క్యాంపుల గదే నేర్పుతది. పోయినేడు పోయి నేర్చుకున్న. చిన్నయి నాకు ఆనయి, పెద్ద పెద్ద ఫ్లైలే ఏస్త" అన్న. పోయినేడు నీ కాడికి వచ్చి వారం దినాలు పరాటాలు తినుడు, పండుడు తప్ప నేనేం జేసిన? ఆయన "బాత్‌రూమ్ ఎటు" అని పోయిండు. మస్తుసేపటికి వచ్చి అడిగిండు గద: "పెద్ద ఫ్లైలు ఏసేటందుకు మీరు ఏ లైన్ వాడుతరు?"

వామ్మో! దానికో లైన్ ఉంటదని గూడ నాకు తెల్వదు. "నిలబడి చెప్పే ముచ్చట గాదు, వివరంగ చెప్త" అని తప్పించుకున్న.

కిందికొచ్చినంక వాళ్లమ్మ పుష్పలత గారు సంబురపడి ఏమన్నదో తెల్సా? "కార్తీకం పోంగనే ఒక ఆదివారం రెండిండ్లోళ్లం మంజీర ఒడ్డుకు దావత్‌కు పోదాం. పిల్లలు చేపలు పడ్తరు. గాడనే నిశ్చయం ముచ్చట మాట్లాడుకుందాం." బాపు "ఓ, ఖాయం" అన్నడు.

గా రోజు నాకు ఏం రాదని తేలితే సంబంధం పాయె. మొదటి రోజే అబద్ధమాడిన పిల్లను ఎవరు చేసుకుంటరు? గాయన నాక్కావాలక్కా. సిగ్గిడిసి రాస్తున్న. జల్ది చెప్పు, ఏ లైన్?

మునుగుతున్న నీ చెల్లె,
నిఖిత

*

రాంగంగ ఒడ్డు క్యాంపు, ఉత్తరాఖండ్
అక్టోబర్ 15

ఓ అబద్ధాలకోరు పిల్లా,

వారానికి రెండుమాట్లు జీపు సామాను తెస్తది. నీ ఉత్తరం గోధుమపిండి బస్తా మీద కూసొని వచ్చింది. సదివి నవ్వి నవ్వి ఒక పెనం పరాటాలు మాడగొట్టిన. ఇగ విను.

మామూలు గాలానికి సీసం గుండు ఉంటది. దాని బరువుకు అది దూరం పోతది, దారం దాని ఎంబడి పోతది. ఇక్కడ అంతా ఉల్టా. ఫ్లై అంటే ఈగ అని పేరేగాని, ఈకలు, బొచ్చు కట్టిన బొమ్మ. దానికి బరువే ఉండదు. బరువంత లైన్‌దే. మనం ఇసిరేది లైన్‌ను, ఫ్లై దాని తోక పట్టుకొని పోతది. సమజయిందా?

మీ మంజీరల కొర్రమట్ట చేప కప్పను చూస్తే ఆగదు. కాబట్టి నీ ఫ్లై కప్ప బొమ్మ, అరచేతంత. గంత పెద్దది గాలికి గొడుగు లెక్క అడ్డం పడ్తది. అన్ని దిక్కుల ఒక్క తీరు సన్నగుండే లైన్ దాన్ని మోయలేదు, నడుమనే కూలబడ్తది. అందుకే ముందటి కొసన బరువున్న లైన్ కావాలె. ఆ బరువు భాగం పొట్టిగ, లావుగ ఉండాలె. డబ్బా మీద వెయిట్ ఫార్వర్డ్ అని ఉంటది. నేను పంపే పాత రాడ్ ఎనిమిది నెంబర్‌ది. లైన్ మాత్రం తొమ్మిది తీస్కో, ఒక నెంబర్ ఎక్కువుంటే పెద్ద కప్పను గుంజుకపోతది. నీళ్ల మీద తేలేదే అడుగు. ఇంకోటి, మా సలిదేశం లైన్ కొనేవు, మీ బోధన్ ఎండకు మెత్తబడి చేతికి అతుక్కుంటది. ఎండ దేశాలకు అని రాసున్నదే కొను.

రాడ్, రీలు, నాలుగు కప్పలు పార్శిల్ చేస్తున్న. లైన్ మాత్రం పంప. ఆయన అడిగింది నిన్ను, నువ్వే కొనుక్కో.

"నాకు రాదు" అని ఒక్క మెసేజ్ పెడితే గీ పరేషాన్ అంతా తప్పుతది. పెట్టవు, నాకు తెల్సు.

మాడిన పరాటా తింటున్న నీ అక్క,
సవిత

*

బోధన్
నవంబర్ 2

బంగారి సవితక్కా,

పార్శిల్ ముట్టింది. కప్పలను జూసి అమ్మ కెవ్వుమన్నది.

లైన్ ముచ్చట చెప్త విను. నిజామాబాద్ గంజ్‌ల వలలు అమ్మే దుకాణానికి పోయి "ఫ్లై లైన్ ఉందా" అన్న. సేటు నన్ను కిందికి మీదికి జూసి "పక్క దుకాణంల అడుగు" అన్నడు. పక్కాయన "ఎందుకు లేదమ్మా" అని ఏమిచ్చిండో ఎరుకేనా? ఈగలు, చీమల మందు చాక్‌పీసు! "గడప కాడ లైన్ గీయి, ఒక్క ఈగ దాటదు" అన్నడు. కాదన్నా, ఏసే లైన్ అంటే, "గదేనమ్మా, ఏసేది" అంటడు. ఇగ లాభం లేదని ఆన్‌లైన్‌ల తెప్పిచ్చిన. వెయిట్ ఫార్వర్డ్, తొమ్మిది నెంబర్, పొట్టి తల, తేలేది, ఎండ దేశాలది. నువ్వు చెప్పింది చెప్పినట్టే. రంగు మాత్రం నాకు నచ్చింది తీస్కున్న, మామిడిపండు రంగు.

ఆయనకు గూడ మెసేజ్ పెట్టిన, గివన్ని నేనే కనిపెట్టినట్టు. "వాహ్! నేను గూడ సరిగ్గ గదే అనుకుంటున్న" అని పెట్టిండు. ఎంత పెద్ద ఉస్తాదో! నాకు ఇంకింత భయమైంది. ఇటుకల పని మీద వారం పది దినాలు ఊరికి పోతున్న అన్నడు. నాకు జర ఊపిరి ఆడింది.

కాని అక్కా, లైన్ పోతలేదు! జారిపోవద్దని లావు కొసను రీలుకు గట్టిగ ముడేసి, సన్న కొసకు కప్పను కట్టి రోజూ మిద్దె మీద ఏస్తున్న. ఎంత జోరుగ ఇసిరినా నా కాళ్ల కాడనే కుప్ప పడుతది. మొన్న ఒక్కసారి గాలొచ్చి లేచింది. లేచి పోయి రాధాబాయి పెద్దమ్మ దండెం మీది లంగాకు గాలం తగిలింది. గుంజితే లంగా నా దిక్కు ఎగురుకుంట వచ్చింది. పెద్దమ్మ ఊకుంటదా? సీదా అమ్మ కాడికి పోయి, "నిశ్చయం దగ్గర పడ్డది, మీ పిల్ల రోజూ మిద్దెక్కి లైన్ ఏస్తుంది" అన్నది.

అమ్మకు ఇంకో తీరు సమజయింది. "ఎవనికే? ఎవడే వాడు?" అని చీపురు పట్టుకొని మెట్లెక్కింది. నేను రాడ్ చూపిచ్చి "గిదే అమ్మా, గీ లైన్!" అంటే నమ్మదు. ఎదురింటి మిద్దె మీద ఎవరున్నరో అని గోడ మీదికెల్లి తొంగి తొంగి చూసింది. గాడ వడియాలు ఎండవెట్టుకుంట కాశయ్య ముసలాయన ఉన్నడు. "వీడా?" అన్నది అమ్మ. నాకు నవ్వాగలే, అమ్మకు కోపమాగలే.

నవ్వుతున్నగని దినాలు దగ్గర పడుతున్నయి. లైన్ తప్పు కొన్ననా, నా చెయ్యే తప్పా? జల్ది రాయి.

లంగాలు పట్టే నీ చెల్లె,
నిఖిత

*

రాంగంగ ఒడ్డు
నవంబర్ 10

నిక్కీ,

కూసున్నవా? కూసో. రెండు ముచ్చట్లు.

ఒకటి. నీ లైన్ మంచిదే, చెయ్యి గూడ మంచిదే. లైన్ ఎక్కిచ్చుడే ఉల్టా ఎక్కిచ్చినవ్ తల్లీ! లావు కొసలనే గద బరువంతా ఉన్నది. దాన్ని లోపల చుట్టి, సన్న కొసను బయట పెట్టినవ్. ఇగ ఏమెగురుతది, నీ బొంద. మొత్తం ఇప్పి, సన్న కొసను రీలుకు ముడేసి చుట్టు. లావు కొస బయట ఉండాలె. పెద్ద కప్పతోని జోరు పనికిరాదు, నిమ్మలంగ ఇసురు. ఎనుకకు ఇసిరినప్పుడు లైన్ సాపుగ సాగేదాంక ఆగు, అప్పుడు ముందుకు తే. ఇంకా, నేర్చుకునేదాంక గాలం ముల్లు తుంచెయ్యి. ఊర్లె లంగాలు మిగలాలె.

రెండు. ఇది నీకు చెప్పనని నేను ఒట్టేసిన. చెప్తలేను గద, రాస్తున్న.

పోయిన మంగళవారం జీపుల ఉల్లిగడ్డ బస్తాల నడుమ ఒక పిలగాడు దిగిండు. సలికి పండ్లు టక టక కొట్టుకుంటున్నయి. "సవితక్క ఎవరు?" అన్నడు. మన భాష విని నా పానం లేచొచ్చింది. నేనే అన్న. టక్కున నా కాళ్ల మీద పడ్డడు. "అక్కా, నన్ను బతికియ్యి. నేను భానుప్రసాద్. మీ చెల్లె నన్ను 'ఫ్లైఫిష్ అంటే పానమంట గద' అని అడిగింది. ఆమె కండ్లు జూసి అవునన్న. నాకు చేపలంటే పులుసే తెల్సు. బాత్‌రూమ్‌ల నిలబడి ఫోన్‌ల చూసి ఒక ప్రశ్న అడిగిన. ఆమె పెట్టిన జవాబు సూస్తే పెద్ద ఉస్తాద్ లెక్కున్నది. నిశ్చయం లోపల నేర్పియ్యి, ఆమెకు మాత్రం చెప్పకు."

నేను దారికి అడ్డం కూసొని నవ్విన నిక్కీ. వంటాయన పరేషానై నీళ్లు తెచ్చిండు.

మరి లింబయ్య తాత అట్లెందుకన్నడు బాబూ అంటే, పాపం పిలగాడు ఆలోచన చేసి చేసి చెప్పిండు: తన ఇటుకలు మట్టివి గావు. కరెంటు ఫ్యాక్టరీల మిగిలే బొగ్గు బూడిదతోని చేసేటియి. దాన్ని ఫ్లైయాష్ అంటరు. తాత అన్నది "పిలగానికి ఫ్లైయాష్ తప్ప ఇంకో ద్యాస లేదు" అని! నువ్వు యాష్‌ను ఫిష్ చేసినవ్. బూడిదను చేప చేసిన పిల్లవు నువ్వొక్కదానివే.

నీ అబద్ధం ముచ్చట నేను ఆయనకు చెప్పలే. నువ్వు సొంతం గద. వారం దినాలు నేర్పి పంపుత. ఇద్దరి ముచ్చట ఒక్క కడుపుల పెట్టుకొని తిరుగుడు నాతోని అయితలేదు.

కడుపుబ్బిన నీ అక్క,
సవిత

*

బోధన్
నవంబర్ 18

అక్కా అక్కా అక్కా,

నీ ఉత్తరం షాపుల సదివిన. దగ్గు మందుకు వచ్చినామెకు విరేచనాల మందిచ్చి పంపిన. మళ్ల ఉరికి తెచ్చుకున్న, ఫికర్ చెయ్యకు.

లైన్ తిప్పి చుట్టిన. లేచిందక్కా! మామిడిపండు రంగుది మిద్దె మీదికెల్లి సాపుగ సాగి, కప్ప పోయి నీళ్ల ట్యాంకు మీద ఠప్పున కూసున్నది. నేను ఎగిరిన. కింద అమ్మ "భూకంపమా?" అన్నది.

ఇగ నాకు భయం లేదు. భయపడేది ఆయన! నా కోసం బూడిదల పనిచేసేటోడు మంచులకు పోయిండు. మళ్ల నా ముందట ఉస్తాద్ లెక్క నిలబడాలనుకుంటుండు. ఎంత మంచిగున్నదో చెప్పలేను. నిన్న మెసేజ్ పెట్టిన: "మీరు ఎప్పుడన్న రాంగంగకు పోయిండ్రా?" ఆయన చానాసేపు టైప్ చేసి, చెరిపి, మళ్ల చేసి "లేదండి, పేరు విన్న" అన్నడు. "గాడ సలి ఎట్లుంటదంటరు?" అన్న. "ఉంటదంటరు" అన్నడు. "ఉల్లిగడ్డ జీపులల్ల పోతరంట గద?" అని పెట్టి ఫోన్ దిండు కింద దాచి నవ్విన. మూడు గంటలకు "అన్నం తిన్నరా?" అని పెట్టిండు!

మంజీర కాడ అందరి ముందట ఇంకా ఏడిపిస్త. "ఎక్కడ నేర్చుకున్నరు, ఎవరు నేర్పిండ్రు" అని అడుగుత. నా ముచ్చట మాత్రం ఎవ్వలకూ తెల్వదు. నాది ఇప్పుడు అబద్ధం గూడ కాదు, నాకు నిజంగనే వస్తుంది గద!

గెలిచిన నీ చెల్లె,
నిఖిత

*

రాంగంగ ఒడ్డు
నవంబర్ 25

నిక్కీ,

జీపు హారన్ కొడుతుంది, రెండు ముక్కలే.

ఆడుకో, నేను గూడ గీడ నవ్వుకుంట. కాని ఒకటి విను. గా పిలగాడు వారం దినాలు పొద్దున లేస్తే నీళ్లల్లనే. లైన్ గుంజి గుంజి వేళ్లు కోసుకపోయినయి. పసుపు పెట్టుకొని మళ్ల దిగిండు. పోయేముందు జీపెక్కి ఏమన్నడో తెల్సా? "అక్కా, నాకు ఏం రాదని తెలిస్తే కాదంటదేమో" అన్నడు. నీ మొదటి ఉత్తరంల నువ్వు రాసింది గదే. సేమ్ మాట.

ఆయనది నీకు తెల్సు, నీది ఆయనకు తెల్వదు. గిది సమానం ఆట గాదు పిల్లా. చానాసేపు ఆడకు, తర్వాత చెప్పబుద్ధి గాదు.

జీపోడు తిడుతుండు.
సవిత

*

బోధన్
నవంబర్ 30, ఆదివారం

సవితక్కా,

ఇంకా బట్టల తడి ఆరలే. అయినా రాస్తున్న, రేపటిదాంక ఆగితే పగిలిపోత.

సాలూర కాడ మంజీర. రెండు బండ్లల్ల పోయినం. చాపలు పరిచిండ్రు, మూడు రాళ్లు పెట్టి బాపు కోడికూర ఎక్కిచ్చిండు. పుష్పలత గారు జొన్నరొట్టెలు కట్టుకొచ్చింది. లింబయ్య తాత తువ్వాల ఏసుకొని సినిమాకు వచ్చినట్టు ముందటనే కూసున్నడు. తెప్ప మీద అవుతలి ఊరి తుకారాం మామ వల ఆపి "కాయ్ కర్తేస్ గ పోరీ?" అని మరాఠీల అరిచిండు, ఏం చేస్తున్నవే పిల్లా అని. "చేపలు పడ్తున్న మామా" అంటే, "గా కప్పతోనా?" అని ఆడనే ఆగి చూసిండు.

మొదలు నేను ఏసిన. మంచిగ పోయింది. బాపు అందరి దిక్కు చూసి "మా పిల్ల" అన్నడు. తర్వాత ఆయన ఏసిండు. అక్కా, ఏం నేర్పినవే నువ్వు! లైన్ ఎనుకకు పోయి, సాపుగ సాగి, ముందుకొచ్చి, కప్ప తుంగ పక్కన సప్పుడు గాకుంట కూసున్నది. నాకంటె దూరం, నాకంటె మంచిగ. నేను అడుగుదామని పెట్టుకున్న మాట అడిగేసిన: "గింత మంచిగ ఎక్కడ నేర్చుకున్నరు?"

తడబడుతడనుకున్న. ఆయన రాడ్ కింద పెట్టిండు. అందరి దిక్కు మళ్లి గట్టిగనే చెప్పిండు. "నాకు మొన్నటిదాంక ఇదంటే ఏందో తెల్వదు. నిఖిత అడిగితే అవునని అబద్ధమాడిన. రాంగంగకు పోయి వాళ్ల అక్క కాళ్ల మీద పడి నేర్చుకున్న. నిశ్చయం ముచ్చట తీసేముందు గిది చెప్పాలనుకున్న. ఇగ మీ ఇష్టం."

అప్పుడు వాళ్లమ్మ, "అరే, నాకు షిర్డీ పోతున్న అన్నవ్ గదరా! ప్రసాదం ఏదిరా అంటే బస్సుల మర్చిపోయిన అన్నవ్!" అన్నది. లింబయ్య తాత తువ్వాల నోట్లె కుక్కుకున్నడు. బాపు నవ్వలే. "మా పిల్ల అబద్ధమన్నది ఎరుగదు" అన్నడు, మొఖం గంభీరం పెట్టి. ఆ మాటకు పుష్పలత గారు లేచి నా కాడికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "బిడ్డా, ఏమనుకోకు. నా కొడుకు గిట్లాంటోడు కాదు. నిన్ను మోసం చేసిండు, నేను సిగ్గుపడుతున్న" అన్నది.

గెలిచిన అని నీకు రాసింది నేనేనా అనిపించింది. అంతమంది నడుమ అబద్ధాలకోరును నేనొక్కదాన్నే మిగిలిన, ఆమె నాకే మాఫీ అడుగుతుంది. నోరు మూసుకుంటే సంబంధం ఖాయం. నోరు తెరిస్తే ఏమైతదో తెల్వదు.

"అత్తమ్మా" అన్న.

నిశ్చయం గాకముందే అత్తమ్మా అన్న అక్కా, అమ్మ నెత్తి కొట్టుకున్నది! "అత్తమ్మా, మొదలు అబద్ధమాడింది నేను. నాగ్గూడ ఏం రాకుండె. పోయినేడు పరాటాలు తిని వచ్చిన, గంతే. ఆయన రాంగంగ పోయింది గూడ నాకు తెల్సు. తెల్సి గూడ ఏడిపిచ్చిన." ఏడుస్తున్ననో నవ్వుతున్ననో నాకే తెల్వదు.

బాపు గంటె చేతుల పట్టుకొని అట్లనే ఉన్నడు. పుష్పలత గారు నన్ను జూసింది, కొడుకును జూసింది. "మంచిగైంది. ఇగ మీ పిల్ల మోసం చేసిందని నేను అనేటందుకు లేదు, మా పిలగాడు మోసం చేసిండని మీరు అనేటందుకు లేదు. కూర మాడుతుంది, గంటె తిప్పుండ్రి" అన్నది. లింబయ్య తాత "నేను యాష్ అన్న తల్లీ, యాష్!" అని మొత్తుకుంటనే ఉన్నడు, ఎవరూ ఇంటలేరు.

ఆయన నా పక్కకొచ్చి మెల్లగ అడిగిండు. "ఎప్పటి సంది తెల్సు?"

"ఉల్లిగడ్డ జీపు ముచ్చట అడిగిన గద, అంతకు ముందు సంది."

"మరి గిన్ని రోజులు ఎందుకు ఏడిపిచ్చినవ్?"

"మంచిగనిపించింది."

ఈసారి రెండు దిక్కులా నవ్విండక్కా. ఒట్టు. తర్వాత నీళ్ల దిక్కు చూసుకుంట అన్నడు: "నాకు చేపలు పట్టే పిల్ల కావాలని ఎవరన్నరు? గా రోజు మిద్దె మీద నువ్వు 'పాములు పడ్తరంట గద' అని అడిగినా నేను అవుననే అంటుంటి."

గా మాటకు నా చేతులకెల్లి రాడ్ జారి మంజీరల పడ్డది. మోకాళ్ల లోతు నీళ్లే. ఇద్దరం దిగినం. ఒంగి నీళ్లల్ల చేతులు పెట్టి వెతుకుతున్నం. ఒడ్డు మీదికెల్లి బాపు "దొరికిందా?" అని అరిచిండు.

రాడ్ ఎప్పుడో దొరికింది. నా కాలి కిందనే ఉన్నది, ఆయన చెయ్యి దాని మీదనే ఉన్నది. ఇద్దరం ఒక్కసారే అరిచినం, "ఇంకా దొరకలే!"

నీ చెల్లె,
నిఖిత